వేపాకు పూసిన చెయ్యి

ఆదివారం పొద్దున్నే రోట్లో ఏదో నూరుతున్న చప్పుడుకు ఈశ్వరికి మెలకువ వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి పెద్దాయన వస్తున్నాడు కదా, అత్త నల్లమ్మ అప్పుడే సంగటిలోకి ఊరుబిండి పచ్చడి మొదలుపెట్టినట్టుంది అనుకుంది. బయటికి వచ్చి చూస్తే రోట్లో ఉన్నవి చెనక్కాయలు కావు, వేపాకు.

"ఇదెందుకత్తా?"

"పాపకు పేలు పడినాయి గదమ్మే," అంది నల్లమ్మ తల ఎత్తకుండానే.

ఈశ్వరి నమ్మింది. మూడు రోజుల తర్వాత ఇవాళే కుళాయిలో నీళ్లు వస్తున్నాయి. కడవలు నింపాలి, కోడికూర వండాలి, రాగిపిండి చూసుకోవాలి. అత్తను గుచ్చి గుచ్చి అడిగే తీరిక ఏ కోడలికి ఉంటుంది?

ఆ వచ్చే పెద్దాయన శింగనమల వెంకటరాముడు, నల్లమ్మకు మిగిలిన ఒకే ఒక్క అన్న. ఏడాదిగా ఈ గడప తొక్కలేదు. కారణం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది కానీ ఈ ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. పోయినేడు ఒక పెళ్లిలో, బంతిలో ఆయన పక్కన ఈశ్వరి కూతురు చౌడేశ్వరి కూర్చుంది. అప్పటికి ఆరేళ్ల పిల్ల. ఎడమచేత్తో అన్నం కలిపి తినడం మొదలుపెట్టింది. "కడుక్కునే చేత్తో కూడు తినేదాని పక్కన నేను తినల్లనా?" అని ఆయన సగం విస్తరి వదిలేసి లేచిపోయాడు. ఊరంతా చూస్తుండగా నల్లమ్మ "అన్నా, అన్నా" అంటూ రోడ్డుదాకా పరిగెత్తింది. ఆయన వెనక్కి తిరగలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో తిండివేళ వచ్చిందంటే గొడవే. నల్లమ్మ పిల్ల చేతిమీద కొట్టింది, తువ్వాలతో చెయ్యి కట్టేసింది. పిల్ల తండ్రి ఓబుళేసు బోరు మోటార్లు బాగుచేస్తాడు. ఎంత మొండి మోటారునైనా దారికి తెస్తాడు కానీ, తల్లి ముందు నోరు పెగలదు. ఒకసారి అనంతపురం నుంచి స్టీలు స్పూను కొనుక్కొచ్చి, "దీంతో తింటే ఏ చెయ్యైనా ఒకటే గదమ్మా," అన్నాడు. సంగటికి స్పూను! గుచ్చి ఎత్తితే ముద్ద మొత్తం దానితోపాటే లేచొచ్చింది. పైగా చౌడి దాన్ని కూడా ఎడమచేత్తోనే పట్టుకుంది.

నల్లమ్మ పదేపదే కబురు పెట్టగా, పన్నెండు దాటాక వెంకటరాముడు బస్సు దిగి వచ్చాడు. నల్లమ్మ కళ్లు తుడుచుకుంటూ కాళ్లకు నీళ్లిచ్చింది. పడసాలలో చాప పరిచి అన్నను, కొడుకును కూర్చోబెట్టింది. మనవరాలిని కావాలనే అన్నకు ఎదురుగా కూర్చోబెట్టింది. పిల్ల మారిందని ఆయన కళ్లారా చూడాలని ఆమె ఆశ.

ఈశ్వరి కూర గిన్నెతో వచ్చేసరికి కూతురి ఎడమ అరచెయ్యి ఆకుపచ్చగా కనిపించింది. దగ్గరికి వంగితే గుప్పున వేపాకు వాసన.

"అత్తా, పేలకన్నావు! ఆ చేతికెందుకు పూసినావు?"

"చేదు తగిలితే తనంతట తానే చెయ్యి మార్చుకుంటాది. కొట్టినానా, తిట్టినానా? నువ్వు కూర ఎయ్యి."

పెద్దాయన ముందు గొడవెందుకని ఈశ్వరి కూర వేసింది.

చౌడి తన కుడిచేతిని ఒకసారి చూసుకుంది, ఎడమచేతిని చూసుకుంది. తర్వాత ఎడమచేత్తోనే సంగటి తుంచి, కూరలో అద్ది నోట్లో పెట్టుకుంది. మొహం వంకర్లు పోయింది. అయినా ఉమ్మలేదు, మింగింది. రెండో ముద్ద తీసుకుంది. మూడోది తీసుకునేసరికి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు.

"కుడిచెయ్యి పెట్టే!" నల్లమ్మ కసిరింది.

"పెట్టను. దీంతోనే తింటా."

"ఏం నల్లమ్మా, మళ్లా అదే కతనా?" వెంకటరాముడు మొహం మాడ్చుకుని, చెంబు ఎత్తి గడగడా నీళ్లు తాగాడు.

ఈశ్వరి కూర గిన్నెను నేలమీద ఠంగుమని పెట్టింది.

"పెద్దనాయనా, ఒక్క మాట అడుగుతా. ఆ చెంబు ఏ చేత్తో పట్టుకున్నావు?"

ఆయన చెంబువైపు చూసుకున్నాడు. "ఎడంచేత్తో. కుడిచెయ్యి ఎంగిలి గదా!"

"అంటే తినేటప్పుడు నీ ఎడంచెయ్యి శుభ్రమైనదే. నీళ్లకు పనికొచ్చిన చెయ్యి కూటికి పనికిరాదా? నీ చెయ్యి కడిగితే మురికి పోతాది, నా బిడ్డ చెయ్యి కడిగితే పోదా?"

"ఈశ్వరీ!" అన్నాడు ఓబుళేసు.

"నువ్వుండయ్యా. ఏడాది నువ్వూ నోరు మూసుకున్నావు, నేనూ మూసుకున్నా. మన ఇంట్లో మన బిడ్డ ఏడ్చుకుంటా తింటాంటే ఇంకా చూస్తా కూచోల్లనా? దాని చెయ్యి దానిది. చూడలేనోళ్లు పక్కకు తిరిగి తినండి!"

వెంకటరాముడు మోకాలి మీద చెయ్యి ఆనించి సగం లేచాడు. "నోరున్న కోడలిని తెచ్చుకున్నావు నల్లమ్మా. నేను పోతాండా."

వేరే రోజైతే నల్లమ్మ ఆయన కాళ్లకు అడ్డం పడేది. ఇప్పుడామె ఆయన వైపే చూడలేదు. మనవరాలి పళ్లెం వైపు చూస్తోంది. ముద్ద సగం అయిపోయింది. మిగిలిన సగం మీద పచ్చటి వేలిముద్రలు. ఆ చిన్న చెయ్యి మళ్లీ పళ్లెంలోకి పోతుంటే నల్లమ్మ పట్టుకుని ఆపింది. అక్కడే చతికిలబడి, ఆ ముద్దలోంచి కొంచెం తుంచి తన నోట్లో వేసుకుంది.

పొద్దున్నుంచీ ఆ ఆకు నూరిన మనిషే. అయినా అది ఇంత చేదని ఆమెకు తెలియదు. ఉమ్మేద్దామని పక్కకు తిరిగింది. పిల్ల తననే చూస్తోంది. నల్లమ్మ ఉమ్మలేకపోయింది, మింగింది.

"ఇంత చేదు ఎట్ల తింటివే తల్లీ?"

"ఆకలైతాంది గదవ్వా. నాకు ఈ చెయ్యే వస్తాది."

నల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడాదిపాటు ఈ చేతిమీద కొట్టిన దెబ్బలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"నల్లమ్మా, నేను పోతాండానంటే నిన్నే!" వెంకటరాముడు గొంతు పెంచాడు.

"పోతే పో అన్నా," అంది నల్లమ్మ. "పోయినసారి నువ్వు లేస్తే నీ వెంట పరిగెత్తినా. ఇప్పుడు నాకు పాప చెయ్యి కడిగే పని ఉండాది."

మనవరాలిని వాకిట్లోకి తీసుకుపోయింది. ఒక్క చెంబు ఎక్కువ వాడితే ఇంటిల్లిపాదినీ తిట్టే మనిషి, కడవలోంచి చెంబుల కొద్దీ నీళ్లు ముంచి ఆ చేతిమీద పోసింది. సబ్బు రుద్దింది, మళ్లీ రుద్దింది, వేళ్ల సందులు కూడా తుడిచింది.

తిరిగి వచ్చేసరికి వెంకటరాముడు ఇంకా సగం లేచే ఉన్నాడు. బతిమాలేవాళ్లు లేకపోతే అలిగి పోవడం కూడా కష్టమే. చేతికంటిన సంగటి ఎండిపోతోంది. అప్పటిదాకా తల దించుకుని తింటున్న ఓబుళేసు మామ వైపు కూర గిన్నె జరిపి, "మామా, కూచుంటే కూచో, పోతే పో. నా బిడ్డ మాత్రం ఈడే కూచోని తింటాది," అన్నాడు. ఈశ్వరి మొగుడి వైపు కొత్తగా చూసింది.

వెంకటరాముడు కాసేపు అందరి మొహాలూ చూసి, మెల్లగా చాపమీద కూలబడ్డాడు.

"రెండు ముక్కలెయ్యమ్మా," అన్నాడు పళ్లెం వైపు చూస్తూ. ఈశ్వరి వేసింది.

నల్లమ్మ వేరే పళ్లెంలో వేడి ముద్ద పెట్టి, నెయ్యి వేసి, మనవరాలి ముందు తానే పెట్టింది. చౌడి ఎడమచేత్తో తుంచి కూరలో అద్దింది. తన నోటిదాకా తెచ్చుకుని, ఎందుకో ఆగి, అవ్వ నోటి దగ్గర పెట్టింది.

"నువ్వు తిని చెప్పవ్వా. చేదు పోయిందా?"

నల్లమ్మ నోరు తెరిచింది. ఇందాకటి చేదు నాలుకమీద ఇంకా అలాగే ఉంది.

"పోయింది తల్లీ," అంది. "తిను. ఆ చేత్తోనే తిను."