ఐదో గోరు

పొద్దున్నే టీ తాగుతూ కూతురు మళ్లీ అదే మాట ఎత్తింది. వచ్చే వారమే నిశ్చితార్థం. కొత్త ఉంగరం వద్దని, నిరుడు కన్నుమూసిన తల్లి ఉంగరమే తొడుక్కుంటానని పట్టుబట్టింది. అందులోది కోలగా కోసిన వజ్రం. రాయిని పట్టి ఉంచే బంగారు గోళ్లు నాలుగు చాలు, దీనికి మాత్రం కొన మీద ఐదోది ఉంది. అది తీసేస్తే రాయి నిండుగా కనబడుతుందని ఆమె ఆశ.

తండ్రి ముప్పై ఏళ్లకు పైగా వజ్రాలు పొదుగుతున్నవాడు. ఎవరి ఉంగరమైనా చిటికెలో సరిచేసే మనిషి, ఈ ఒక్కదాని దగ్గర మొండికేశాడు. కొత్తది చేసిస్తానన్నాడు. చెయ్యి వణుకుతోందన్నాడు. చివరికి కుదరదు పొమ్మన్నాడు. ఒక్కగానొక్క పిల్లతో అలాగేనా మాట్లాడేది? పాపం, ఆయన బాధ ఆయనది.

బయట చేయించుకుంటానని ఆమె ఉంగరం తీసుకుని లేస్తే, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మ ఉంటే ఇలా చేసేది కాదు. నా పెళ్లి నీకు ఇష్టం లేదని చెప్పెయ్యొచ్చుగా నాన్నా."

ఆయన ముఖం పాలిపోయింది. "ఆ గోరు కింద వజ్రం పెచ్చు ఊడింది తల్లీ. పొదిగేటప్పుడు నా చెయ్యి జారింది. మీ అమ్మకు తెలియకుండా గోరుతో కప్పేశాను."

ఆయన పొదిగిన ప్రతి ఉంగరాన్నీ భూతద్దంతో చూసి తప్పులు పట్టేది ఆవిడే. తన ఉంగరం ఇచ్చినప్పుడు మాత్రం, "మీరు చేసింది నేను పరీక్షించడమేమిటి?" అని నవ్వి వేలికి పెట్టుకుంది. ఆ నమ్మకమే ఆయన్ని ఇన్నేళ్లూ లోలోపల తినేసింది.

కూతురు మెల్లగా కుర్చీలో కూలబడింది.

"అమ్మకు తెలుసు నాన్నా. చిన్నప్పుడు నేను ఈ ఉంగరంతో ఆడుకుంటుంటే, ఆ గోరు కదపకు, మీ నాన్న దాని కింద ఒకటి దాచుకున్నారు అనేది. ఏంటమ్మా అంటే, ఆయనంతట ఆయన చెప్తే వినాలనుందే అని నవ్వేది. నేనేదో ముచ్చటకి అంటోందనుకున్నా."

ఆయన ఒక్క మాట చెప్పి ఉంటే ఆవిడ వినేది. ఎదురుచూసి ఎదురుచూసి వెళ్లిపోయింది. పనిబల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కూతురూ ఏడ్చింది.

మధ్యాహ్నానికి ఉంగరం మెరుగుపెట్టాడు. ఐదో గోరు తీయమని ఆమె మళ్లీ అడగలేదు. భార్య భూతద్దం కూడా తెచ్చి, ఒకసారి చూసుకోమన్నాడు.

కూతురు భూతద్దాన్ని పక్కన పెట్టి వేలు చాపింది.

"నువ్వు చేసింది నేను పరీక్షించడమేమిటి నాన్నా?"