నాలుగో అంతస్తులో బావి

నాలుగో అంతస్తులో బావేమిటని నవ్వకండి. ఆ ఇంటర్నెట్ ఆఫీసులో రాత్రి డ్యూటీ చేసినవాళ్లెవరూ నవ్వరు. ఆ మాటెత్తితే చాలు, చేతిలో టీ కప్పు కింద పెట్టేసి అటూ ఇటూ చూస్తారు.

నీళ్ల బావి కాదు లెండి. జనం ఫోన్లలో చూసే బొమ్మలూ, మాట్లాడుకునే మాటలూ అన్నీ ఆ ఆఫీసు లైన్ల మీదుగానే పోతాయి. లైను కిక్కిరిసిపోతే కొంత ట్రాఫిక్కుని చుట్టుదారి పట్టిస్తారు. చుట్టుదారి కూడా నిండిపోతే... ఎవరిదో ఒకరిది బావిలోకి తోసేస్తారు. అదంతా కంప్యూటర్లో ఒక చిన్న ఆర్డరు, అంతే. అందులో పడ్డది చేరాల్సిన చోటికి చేరదు. చేరలేదన్న సంగతి కూడా పంపినవాడికి తెలియదు.

దానికి చెడ్డపేరెలా వచ్చిందంటే — అందులోంచి ఎవరో తడతారట. గోడకున్న చిన్న స్పీకర్లోంచి... టక్... టక్... అని. ఎప్పుడో ఒక రోగి ఇంటి అడ్రసుని, అంటే ఆ ఇంటి లైనుకి ఆఫీసు ఇచ్చే నంబరుని, అందులోకి తోసి మర్చిపోయారట. పాపం ఆయన సాయం కోసం కబురు మీద కబురు పంపి, పంపి, పోయాడట. అప్పట్నుంచీ బావి తెరిచారంటే తడుతూనే ఉంటాడట. ఎవరా అని పేరు తీసి చూశావో, నీ వెంటే ఇంటికొచ్చేస్తాడట. కొత్తగా చేరినవాళ్లకి పెద్దసారు మొదటిరోజే, గొంతు తగ్గించి మరీ చెప్పే కథ ఇది.

చిట్టికీ చెప్పాడు. మనిషి పొట్టిగా ఉంటుందని ఆఫీసులో అందరూ ఆమెని చిట్టి అనే పిలిచేవారు.

చిట్టికి నా అన్నవాడు ఒక్క తమ్ముడే. ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాడు. పగలంతా తనే కనిపెట్టుకుని ఉండేది. రాత్రిళ్లు మంచం పక్కనున్న మిషను ఆ పని చేసేది. ఊపిరి తగ్గిందంటే అది తనంతట తానే, ఊపిరి ఆడుతున్నంతసేపూ ఆస్పత్రికి కబురు మీద కబురు పెడుతుంది, వాళ్లు బండి పంపుతారు. ఆ కబురు పోవలసింది చిట్టి ఆఫీసు లైను మీదుగానే. అందుకే చేరిన కొత్తలోనే తన ఇంటి అడ్రసుని ముందు వరుసలో పెట్టేసుకుంది. ఎంత రద్దీ అయినా ముందు వరుస జోలికి ఎవరూ పోరు. దొంగపనే, కాదనను. కానీ రాత్రి డ్యూటీ వాళ్లందరూ చేసేదే, ఒకళ్ల గుట్టు ఒకళ్లు బయటపెట్టుకోరు.

ఆ రోజు బయల్దేరుతుంటే తమ్ముడు మాస్కు పక్కకి లాగి, "అక్కా... మీ దెయ్యాన్ని అడిగానని చెప్పు" అన్నాడు. వేషాలెయ్యకుండా పడుకోమని కసిరి, మాస్కు సర్ది వచ్చేసింది.

ఆఫీసుకొచ్చి చూస్తే ఇంకేముంది, ఫైనల్ మ్యాచ్. జనమంతా ఒక్కసారే దానికి అతుక్కుపోయారు. స్క్రీను మీద లైన్లన్నీ ఎర్రబడ్డాయి. బొమ్మ ఆగిపోతోందని తిట్ల మీద తిట్లు. చుట్టుదారి కూడా నిండిపోయింది. పెద్దసారు ఇంటి నుంచి ఫోన్లో ఒంటికాలి మీద లేచాడు — మ్యాచ్ ఆగితే ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి, తూర్పు వైపు చివరి అడ్రసుల గుంపు మొత్తం బావిలోకి తోసెయ్యమన్నాడు. ఆ గుంపులో ఎవరున్నారని అడిగింది. ఎవరుంటే నీకెందుకు, నీ ఇల్లు ముందు వరుసలోనే ఉందిగా అన్నాడు.

నిజమే, ఉంది. చిట్టి ఆర్డరిచ్చేసింది.

ఎరుపు పోయి లైన్లు పచ్చబడ్డాయి. హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలిందో లేదో —

టక్.

చిట్టి చుట్టూ చూసింది. గదిలో ఇంకెవరూ లేరు. ఏసీ చప్పుడేమో అనుకుంది... టక్. మళ్లీ... టక్. స్పీకరే.

పేరు తీసి చూడ్డం ఎంత పని? చెయ్యి మౌసు దాకా వెళ్లింది. చూస్తే ఇంటికొస్తాడు... తనకేమైనా పర్లేదు, ఇంట్లో తమ్ముడున్నాడు. ఊపిరాడని పిల్లాడి మంచం దగ్గరికి అలాంటిదాన్ని తీసుకెళ్తుందా? చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

టక్ టక్... టక్ టక్ టక్...

రెండు చెవులూ మూసుకుని, "ఎవరివైనా సరే, నన్నొదిలెయ్యి నాయనా" అని గొణుక్కుంటూ కూర్చుంది. తట్టడం జోరందుకుంది. ఆగకుండా, గుక్క తిప్పుకోకుండా... ఆ తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది.

చిట్టికి పోయిన ప్రాణం లేచొచ్చింది. చూడనందుకు తనని తనే మెచ్చుకుంది కూడా.

మ్యాచ్ గెలిచారు. పెద్దసారు సంబరం పట్టలేక ఆఫీసుకే వచ్చేశాడు. చిట్టి జరిగింది చెబితే పడీపడీ నవ్వాడు.

"పిచ్చిదానా, దెయ్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. అది నేను అల్లిన కథ."

"మరి... తట్టింది?"

అత్యవసరం అని గుర్తున్న కబురేదైనా బావిలో పడితే ఆ స్పీకరు మోగాలట, రూలు. మోగినప్పుడల్లా కొత్తవాళ్లు జాలిపడి గుంపుని బయటికి తీసేసేవారట, లైను కుప్పకూలేదట, పైవాళ్లు తనని వాయించేసేవారట. దెయ్యమని చెప్పాక ఎవరూ చూడ్డం మానేశారు. అదీ సంగతి.

"బతికున్నవాళ్లే తడతారమ్మాయ్. ఎవరో ఏదో అవసరపడుంటారు. ఆగిపోయిందిగా, ఇంకేం?"

చిట్టి పేరు తీసి చూసింది. తన ఇల్లే.

పెద్దసారు వంగి చూసి నాలుక్కరుచుకున్నాడు. మధ్యాహ్నం మీ వైపు అడ్రసులన్నీ మార్చాం, ముందు వరుసలో నీ పాతదే ఉండిపోయినట్టుంది, కొత్తది ఈ గుంపులో పడింది, పనిలో పడి చెప్పడం మర్చిపోయానన్నాడు. చిట్టి వేళ్లు మీటల మీదికి పోతుంటే గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడే తియ్యకు. బహుమతులివ్వడం ఇంకా అవలేదు."

ఆ చెయ్యి విదిలించి కొట్టి, చిట్టి గుంపు మొత్తాన్ని బయటికి లాగేసింది. ఇన్ని గంటలూ ఆగిపోయిన వీధుల మాటలన్నీ ఒక్కుమ్మడిగా లైను మీద పడి, స్క్రీనంతా మళ్లీ ఎర్రబడింది. ఒక్కో ఇంటి పేరూ పైకొస్తోంది. చిట్టి తన ఇంటి పేరు కోసం చూస్తూ నిలబడింది... ఆ ఇంటి నుంచి మాత్రం ఏమీ రాలేదు.