తొంభై నిమిషాల ఉపవాసం

"నాలుగు నిమిషాలే ఉన్నాయి ఫణీంద్రా." ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "విదేశీ ముఠా ట్రయల్ సీసాలు మార్చేసింది. ఏ మందుకీ లొంగని టైఫాయిడ్ క్రిమి. పదకొండింటికి వాలంటీర్లు తాగేస్తారు."

"ఆపమని చెప్పేస్తాను సర్."

"నోరెత్తకు! విషం అన్న మాట పొక్కితే మన వ్యాక్సిన్ జన్మలో ఎవరూ వేయించుకోరు. ముఠాకి కావలసిందీ అదే. రేపటికి వాయిదా వేయించు, చాలు."

"మార్చిందెవరు?"

"విష్ణుప్రియకీ తెలీదు."

ముఠా జీతం తింటూ మన గూఢచారి శాఖకి వార్తలు మోసే డబుల్ ఏజెంట్ విష్ణుప్రియ. నర్సు వేషంలో, ఎర్ర లిప్‌స్టిక్‌తో కప్పుల ట్రే పట్టుకుని ఉంది. 

ఖరగ్‌పూర్ ట్రాఫిక్ సెటిల్మెంట్ రైల్వే కాలనీ‌లోని ట్రయల్ సెంటర్‌లో ఫణీంద్రది అటెండర్ వేషం. నెల క్రితం టీకా వేయించుకున్న పన్నెండుమంది ఆరోగ్యవంతులు, అది పనిచేస్తుందో లేదో తేల్చడానికి, ఇవాళ మందుకి లొంగే టైఫాయిడ్ క్రిమి తాగాలి. ముందు కుర్చీలో జోగమ్మ, అతన్ని పెంచిన మేనత్త. కొడుకు టైఫాయిడ్‌తో పోయాడు, అందుకే వాలంటీరుగా పేరిచ్చింది. ఆమె కూడా పోతే ఫణీంద్రకి ఇంకెవరూ లేరు.

పెన్నులోని పొగబాంబు నొక్కాడు. తుస్సుమంది.

గోడ మీద రూలు కనిపించింది: డోసుకి ముందు తొంభై నిమిషాలు ఉపవాసం. తింటే డోసు మర్నాటికి వాయిదా. బయట కాలనీ తెలుగువాళ్ల మాత పూజ డప్పులు మోగుతున్నాయి. పరిగెత్తి చలిమిడి పళ్లెంతో వచ్చాడు.

"మాత ప్రసాదం!"

"ఉపాసం కదరా," అంది జోగమ్మ. "ఏటి, ఇప్పుడెందుకు తెచ్చినావు?"

అతని మొహం చూసింది.  కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. ఆమెని చూసి ఒక్కరు తప్ప అందరూ చేతులు చాచారు. రైల్వే కాలనీలో ప్రసాదం కాదనేదెవరు?

"అయితే రేపే," అంది విష్ణుప్రియ.

"కుదరదు!" మేనేజర్ రాజ్ కిరణ్ దూసుకొచ్చాడు. "తిన్నా ఫర్వాలేదు, తాగించండి! సమూయేలు తినలేదుగా, ముందు అతనికివ్వండి!"

సమూయేలు చర్చి మనిషి, ప్రసాదం ముట్టలేదు. రాజ్ కిరణే కప్పు తీసి అతని పెదవుల దగ్గర పెట్టాడు. ఫణీంద్ర నాలుగడుగుల దూరంలో ఉన్నాడు.

"నోరు తెరు తమ్ముడూ!" జోగమ్మ కొంగుముడి విప్పి బెల్లం ముక్క సమూయేలు నోట్లో కుక్కేసింది. "ఇది పెసాదం కాదు, మా ఇంటి బెల్లం."

ఈలోగా ఫణీంద్ర చుక్క ఒలకకుండా రాజ్ కిరణ్ మణికట్టు పట్టేశాడు.

"రూలు రాసింది మీరే కదా సార్. ఇవాళే తాగించాలని అంత తొందరేమిటి?"

రాజ్ కిరణ్ చూపు గుమ్మం వైపు పరిగెత్తింది; సీసాలు మార్చిన చెయ్యి ఫణీంద్రకి దొరికింది.

సాయంత్రం రిపోర్టులో 'వాడిన ఆయుధం' అన్న చోట ఫణీంద్ర రాశాడు: చలిమిడి, ఒక పళ్లెం. ఆఫీసుకి తిరిగి అప్పగించడానికి మిగల్లేదు.