జురేమా పేరు మీద కారు

ఆదివారం పొద్దున్నే వాల్దిర్ కాఫీ ఫ్లాస్కునీ, చీజు ఉండల పళ్లేన్నీ పక్కకు నెట్టేసి, బల్ల మీద ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. తెర మీద ఎవరో కుర్రాడు రెండు కార్లను పక్కపక్కన నిలబెట్టి, ముందు దీని తలుపు, తర్వాత దాని తలుపు ధడేల్మని వేసి, ఏ చప్పుడు గట్టిగా ఉందో వివరిస్తున్నాడు. నెల రోజులుగా ఆ ఇంట్లో ఇదే గోల. చిన్న ఎస్‌యూవీ కొనాలన్నది ఖాయమైపోయింది. ఏది కొనాలన్నది మాత్రం తెమలడం లేదు.

"ఎర్రదే కొందాం నాన్నా. డిక్కీ ఎంత పెద్దదో చూశావా? చేపల సామానంతా పడుతుంది," అన్నాడు కొడుకు రెనాన్.

"నీ చేపలు తగలెయ్య! మన వీధి చూశావా, గోడెక్కినట్టుంటుంది. వానొస్తే కాలవే. తెల్లదైతే నేలకి ఎత్తుగా ఉంటుంది, అడుగు తగలదు. పైగా పెట్రోలుకు బదులు ఆల్కహాల్ పోసినా మైలేజీ ఇస్తుందట."

"గ్రే కలర్‌ది చూడండి మామయ్యా, పైకప్పంతా అద్దమే," అంది కోడలు కేలీ, ఒళ్లో పాపను ఆడిస్తూ.

పొయ్యి దగ్గర నిలబడి ఆకుకూర తరుగుతున్న జురేమా ఇదంతా వింటూనే ఉంది. చక్కెర జబ్బు ముదిరి రెండేళ్ల క్రితం ఆమె ఎడమ కాలు మోకాలి కింది దాకా తీసేశారు. ఇప్పుడు పెట్టుడు కాలితోనే వండుతుంది, తన చిన్న బ్యూటీ పార్లర్‌లో నిలబడి జుట్టూ కత్తిరిస్తుంది. వికలాంగుల పేరు మీద కారు కొంటే ప్రభుత్వం పన్ను తగ్గిస్తుంది. అందుకే ఈ కారు జురేమా పేరు మీద రాబోతోంది. ఆ రాయితీయే లేకపోతే కొత్త కారు మాటెత్తే స్తోమత వాళ్లకు లేదు.

"ఇంతకీ నేనెక్కడ కూర్చుంటాను?" అంది జురేమా.

"వెనక సీట్లోనమ్మా! మహారాణిలా," అన్నాడు రెనాన్. అందరూ నవ్వారు. జురేమా నవ్వలేదు. కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

ఆ రోజు షోరూమ్‌లో మేళా ఉంది. బెలూన్లు, పాటలు, కాగితపు గ్లాసుల్లో కాఫీ. తండ్రీకొడుకులు లోపలికి అడుగుపెట్టగానే చెరో కారు మీద పడ్డారు. ఒకడు డిక్కీలోకి తల దూర్చాడు, ఒకడు టైర్లు తన్నాడు. సిబెలీ అనే సేల్స్ అమ్మాయి చిరునవ్వుతో దగ్గరికొచ్చి, "కారు ఎవరి పేరు మీద?" అని అడిగింది.

"మా ఆవిడ పేరు మీద," అన్నాడు వాల్దిర్.

"మేడమ్ తనే నడుపుతారా, లేకపోతే డ్రైవర్ల పేర్లు ఇస్తారా?"

జురేమా నోరు తెరిచేలోగా వాల్దిర్ అందుకున్నాడు. "రాసుకోమ్మా. నేను, మా వాడు, మా కోడలు."

జురేమాకి ఒళ్లు మండిపోయింది. పొద్దుట్నుంచీ కాదు, రెండేళ్లుగా మండుతూనే ఉంది. ఇప్పుడు ఆపుకోలేకపోయింది.

"ఆగు! ముగ్గురి పేర్లు టకటకా అప్పజెప్పావే, ఇక్కడ నాలుగో మనిషిని నిలబడున్నాను, కనపడలేదా?"

"నువ్వా? నువ్వెలా నడుపుతావు జురేమా?"

"ఎలా ఏమిటి, కుడి కాలితో! క్లచ్ లేదు, క్లచ్ లేదు అని నెల రోజులుగా నువ్వే ఊదరగొట్టావుగా. బ్రేకైనా యాక్సిలరేటరైనా కుడి కాలి పనేగా. దేవుడి దయవల్ల ఆ కాలు ఇంకా నా దగ్గరే ఉంది!"

"అమ్మా, మెల్లిగా. అందరూ చూస్తున్నారు," అన్నాడు రెనాన్.

"చూడనీరా! అందరికీ తెలియనీ! నా కాలు పోయినందుకొచ్చే రాయితీ మీకు కావాలి. నా సంతకం కావాలి. నేను మాత్రం వెనక సీట్లో మూటలా పడుండాలి! నేను ఆసుపత్రి మంచం మీదుండగా నా పాత కారు అమ్మేశారు. అమ్మమంటావా అని ఒక్కరైనా అడిగారా? అప్పట్నుంచీ ఎక్కడికెళ్లాలన్నా మీ కాళ్లావేళ్లా పడాలి. మా చెల్లి పుట్టినరోజున కేకు కూడా కొయ్యకముందే నన్ను లాక్కొచ్చేశాడు మీ నాన్న, ఎందుకూ, మ్యాచ్ మొదలవుతోందని!"

కేలీ తల దించుకుంది. వాల్దిర్ ముఖం కందగడ్డలా అయింది.

"నీ మంచికే కదే చెప్పేది! కాలు జారి ఏమన్నా అయితే?"

"ఇరవై ఏళ్లు నడిపాను, ఒక్క గీత పడిందా? నువ్వేమో మన గేటునే రెండుసార్లు గుద్దావు!"

సిబెలీ నవ్వాపుకోవడానికి అటు తిరిగింది.

"చెబుతున్నా వినండి. నా పేరు మీద కొంటే నేను నడుపుతాను. కాదంటే సంతకం పెట్టను. పూర్తి ధర పోసి మీరే కొనుక్కోండి," అంది జురేమా.

చివరికి సిబెలీయే నెమ్మదిగా చెప్పింది, డాక్టర్ పరీక్ష అయ్యి, కొత్త లైసెన్సు వచ్చేదాకా రోడ్డు మీదికి పంపడం కుదరదని. వెనక ఖాళీ స్థలంలో అయితే, మేడమ్ కావాలంటే నడిపి చూడొచ్చని.

జురేమా చరచరా వెనక స్థలంలోకి నడిచింది. వాల్దిర్ మెచ్చిన తెల్లకారు ఎక్కబోతే నడుం సీటుకు అందలేదు, అంత ఎత్తు. రెనాన్ కోరిన ఎర్రకారులో కూర్చోగలిగింది గానీ, తలుపు వెడల్పుగా తెరుచుకోక పెట్టుడు కాలు దాని అంచుకు తట్టుకుంది. గ్రే కారు సీటు సరిగ్గా ఆమె తుంటి ఎత్తులో ఉంది. ముందు కూర్చుని, తర్వాత పెట్టుడు కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది. అది ఆనడానికి ఎడమ పక్క చోటు కూడా ఉంది. డిక్కీ కొలిచారు, మైలేజీ లెక్కగట్టారు, తలుపుల చప్పుడు కూడా విన్నారు. ఈ కాలు ఎక్కడ పెట్టుకుంటుందో మాత్రం ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. ఆమెకు కోపం మళ్లీ ముంచుకొచ్చింది.

"ఇదే," అంది.

వాల్దిర్ పిలవకుండానే వచ్చి పక్క సీట్లో కూలబడ్డాడు. కారు కదిలింది. మొదట్లో కాస్త ఎగిరెగిరి పడినా, రెండో మలుపుకి దారిలో పడింది. వాల్దిర్ పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని, లేని బ్రేకును తన కాలితో తొక్కుతూనే ఉన్నాడు.

"తొక్కింది చాల్లే, నేను తొక్కుతున్నానుగా," అంది జురేమా, మండిపడుతూ.

పక్కకు తిరిగి చూస్తే అతని కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఆమె గాభరాగా కారు ఆపింది.

"ఏమైంది? బాగానే నడుపుతున్నానుగా?"

"బాగానే నడుపుతున్నావు. అదే నా ఏడుపు." ముఖం చేత్తో తుడుచుకున్నాడు. "పెళ్లయిన దగ్గర్నుంచీ నన్నెప్పుడైనా ఏమైనా అడిగావా నువ్వు? నీ పార్లరు నీది, నీ కారు నీది, నీ నోరు నీది. కాలు పోయాకే 'వాల్దిర్, కాస్త తీసుకెళ్తావా' అన్నావు. నాకు బాగుండేది జురేమా. సిగ్గు లేకుండా చెబుతున్నా, బాగుండేది. ఇప్పుడు నువ్వే నడుపుకుంటే ఇక నేనెందుకు నీకు?"

ఆమెకు ఒక్క క్షణం లాగి లెంపకాయ కొట్టాలనిపించింది. తనకు నరకంగా గడిచిన రెండేళ్లు ఈ మనిషికి బాగున్నాయట! ఎర్రబడిన ఆ ముసలి కళ్లు చూస్తే మాత్రం చెయ్యి లేవలేదు.

"పిచ్చి వెధవా," అంది. "నువ్వు నాకు కావాలి. కానీ కాలికి బదులుగా కాదు. మనిషిగా కావాలి. అడుక్కుంటే వచ్చేవాడివి కాదు, అడగక్కర్లేకుండా ఉండేవాడివి కావాలి. అర్థమైందా?"

వాల్దిర్ బెల్టు తీసేసి, తలుపు తెరిచి దిగాడు. కిటికీలోంచి వంగి, "ఇంకో చుట్టు నువ్వొక్కదానివే తిరిగి రా. నేనిక్కడే ఉంటాను," అన్నాడు.

జురేమా కారు ముందుకు పోనిచ్చింది. మలుపు తిరిగి, కొత్త కార్ల వరస దాటాక, అద్దంలో వాల్దిర్ కనిపించకుండా పోయాడు. ఎవరూ కనిపించలేదు. పట్టుకునేవాళ్లు లేరు, జాగ్రత్త అనేవాళ్లు లేరు. రెండేళ్లలో ఆమె ఇలా ఒంటరిగా ఉండటం ఇదే మొదటిసారి. బ్రేకు మీద కుడి కాలు గట్టిగా నొక్కిపెట్టి, కిటికీ అద్దాలన్నీ మూసేసి, తన పోయిన కాలి కోసం జురేమా మొదటిసారి నోరారా ఏడ్చింది.