ఆకాశం లేని ఫొటో

"మీ ఆకాశానికి ఎవరో మసి పూసినట్టున్నారు!"

సయ్‌కల్ గిర్రున తిరిగింది. పొడుగాటి కుర్రాడొకడు గుర్రం మీంచి వంగి, ఆమె కెమెరా తెరలోకి దర్జాగా తొంగి చూస్తున్నాడు. వాడి మెడలోనూ కెమెరా ఉంది. పోటీకి వచ్చినవాడే!

"మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

"అడగలేదు. చెప్పకపోతే నాకు అన్నం సయించదు. నా పేరు తిలెక్."

"పేరు కూడా అడగలేదు."

మర్నాడే సోన్‌కోల్ సరస్సు ఒడ్డున గుర్రాల పండగ. సరస్సు ఫొటోల్లో మేలైనదానికి బహుమతి. సయ్‌కల్‌కి బహుమతి కన్నా తండ్రి మాటే ముఖ్యం. గెలిస్తే కెమెరాతోనే బతకమన్నాడాయన. ఓడితే నోరెత్తకుండా నారిన్ ఊరి బడిలో టీచరుగా చేరాలి.

"మీ లెన్స్ మరీ వెడల్పండీ. సగం ఆకాశాన్ని మింగేస్తోంది," అన్నాడు తిలెక్. "పోలరైజర్ ఫిల్టరేమో సూర్యుడికి లంబకోణంలో ఉన్న ఆకాశాన్నే బాగా నల్లబరుస్తుంది. అందుకే మధ్యలో ఆ పట్టీ. ఫిల్టర్ పీకేయండి."

"పీకేస్తే నీళ్ల మీద తళుకు పోదు. అడుగున రాళ్లు కనబడవు. ఆ గుడ్డి సరస్సేదో మీరే తీసుకోండి!"

విసురుగా వచ్చేసింది. ఉన్ని గుడారంలో కూర్చుని తీసినవన్నీ చూసుకుంది. ప్రతి ఆకాశంలోనూ అదే నల్ల పట్టీ. వాడు చెప్పింది నిజమైనందుకు ఇంకా ఒళ్లు మండింది.

తెల్లారుతూనే ఒడ్డుకు వెళ్లింది. నీళ్ల పక్కన మోకాళ్లూని, కెమెరాని కిందికి వంచింది. ఆకాశం ఫ్రేములోంచి తప్పుకుంది. మెల్లిగా ఫిల్టర్ తిప్పింది. దగ్గరి నీళ్లలో తళుకు మాయమై గులకరాళ్లు బయటపడ్డాయి. దూరాన మాత్రం మంచుకొండ నీడ తలకిందులుగా అలాగే ఉంది. ఫిల్టర్ ఫ్రేమంతా ఒకేలా పనిచేయకపోవడమే కలిసొచ్చింది!

ఇక ఒక్క గుర్రం కావాలి. అంత పొద్దున్నే ఆ చుట్టుపక్కల ఉన్నది ఒకటే. దాని పక్కన, కెమెరా స్టాండు దగ్గర, తిలెక్ సూర్యోదయం కోసం కాచుకుని ఉన్నాడు.

"కాస్త మీ గుర్రాన్ని నీళ్లలోకి దింపుతారా?"

"ఇప్పుడా? నా వెలుగు పోతుందండీ!"

"నిన్న నా ఆకాశాన్ని అంత మాటన్నారు. ఆమాత్రం చెయ్యరా?"

తిలెక్ కొండ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. కళ్లెం పట్టుకుని, మంచులాంటి నీళ్లలోకి మోకాళ్లదాకా దిగిపోయాడు.

"కదలొద్దు!"

"కాళ్లున్నాయో లేవో తెలీట్లేదు, ఇంక కదలడమొకటా!"

సయ్‌కల్ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే నొక్కింది. తల ఎత్తేసరికి అతని వెలుగు కాస్తా వెళ్లిపోయింది. అతను మాత్రం చలికి పళ్లు టకటకలాడిస్తూ, "వచ్చిందా? బాగా వచ్చిందా?" అని అడుగుతున్నాడు. ఆ క్షణానే అతను ఆమెకి తెగ నచ్చేశాడు.

సాయంత్రం బహుమతి గెలిచిన ఫొటోగా పెద్ద తెర మీద అదే వెలిగింది. రాళ్ల మీద గుర్రం కాళ్లు, వాటి వెనక తలకిందులుగా కొండ. తండ్రి తెర దగ్గరికెళ్లి కిందా మీదా వెతికాడు.

"మరి ఆకాశం ఏదే?"

"నీళ్లలో ఉంది, నాన్నా."

ఆయన ఆమె భుజం తట్టాడు. "బడివాళ్లని వేరే టీచర్ని వెతుక్కోమంటాలే."

మైదానమంతా ఈలలు. వెంటనే అమ్మాయిల పందెం మొదలైంది. ముందు అమ్మాయి గుర్రం, వెనక అబ్బాయి గుర్రం. అందుకుంటే అబ్బాయికి ముద్దు. అందుకోకపోతే తిరుగుదారిలో ఆ అమ్మాయి చేతి కొరడా దెబ్బలు. సయ్‌కల్‌ని ఇంతవరకూ అందుకున్నవాడు లేడు. ఆమె నేరుగా తిలెక్ పేరు పిలిచింది.

"పాపం, వీపు సిద్ధం చేసుకో నాయనా!" అని జనం గొల్లుమన్నారు.

దుమ్ము రేగింది. సగం దారిలో సయ్‌కల్ ఉన్నట్టుండి కళ్లెం లాగింది. తిలెక్ కూడా కంగారుగా ఆగాడు.

"ఏమైంది? గుర్రం కుంటుతోందా?"

"గుర్రానికేం కాలేదు, మొద్దూ! పొద్దున వెలుగు పోతుందని గోల పెట్టావు. ఇప్పుడూ పోతోంది. ఇంకా చూస్తావేం?"

అతనికి అప్పుడు అర్థమై, గుర్రాన్ని దగ్గరికి తెచ్చి తన ముద్దు అందుకున్నాడు. మైదానం దద్దరిల్లింది. అందరికన్నా గట్టిగా ఈల వేసింది ఆమె తండ్రే.