పాలగిన్నెలో థర్మామీటర్

"చెరువు థర్మామీటర్ పాలగిన్నెలో పెడతావా!" నాగబాబు గొంతు వీధిలోకి వినిపించింది.

"తోడుకి పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో చూశాను. వేలు పెడితే మీకే అసహ్యం కదా!" గంగారత్నం తగ్గలేదు. "అయినా నెల్రోజులుగా వంటింట్లోనే ఉంది. ఇప్పుడు గుర్తొచ్చిందా?"

గుమ్మంలో గణేష్ నవ్వాపుకున్నాడు. పామర్రు చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్ళు పరీక్షించడం అతని ఉద్యోగం.

"పొద్దున పూట నీళ్ళ వేడి నేను చూస్తున్నానండీ. మధ్యాహ్నం మీరు చూడాలి కదా? ఎండలు మండుతున్నాయి. వెంటనే వల వేయించి రొయ్యల పట్టుబడి చేసేయండి."

"డాలరు ఇంకాస్త పెరగనీవయ్యా! రొయ్యకి రేటొస్తుంది."

"ఇవాళ పన్నెండు పైసలే పెరిగిందండీ."

"నీళ్ళు చూసేవాడివి, నీకు డాలరెందుకు?"

"మనమ్మాయి రోజూ డాలరు రేటు పంపుతుందిగా," అంది గంగారత్నం. "బదులుగా అతను నీళ్ళ వేడి పంపుతాడు."

సెలవుకి ఇంటికొచ్చిన కూతురు పద్మశ్రీ వెనకనుంచి అమ్మ కొంగు లాగింది. ఆమె విజయవాడలో రొయ్యల ఎగుమతి ఆఫీసులో పనిచేస్తోంది. పట్టుబడి బాగుంటే, నాన్న మనసు బాగున్నప్పుడు గణేష్ సంగతి చెబుదామని అమ్మతో అనుకుంది. రొయ్యలు పోతే ఆ మాటెత్తే దారే ఉండదు.

నాగబాబు చెయ్యి చాచాడు. కూతురు ఫోన్ ఇచ్చింది. ముప్ఫై రెండు డిగ్రీలు. డాలరు రేటు. ముప్ఫై మూడు. మళ్ళీ డాలరు రేటు. ఒక్క తీపి మాట లేదు.

"ఇదేం ప్రేమర్రా!"

పద్మశ్రీ ధైర్యం చేసింది. "నాన్నా, ఈ ఎండలకి చెరువులు దెబ్బతింటే ఎగుమతులు తగ్గుతాయి. డాలర్లు రావడం తగ్గుతుంది, రూపాయి పడుతుంది. అందరి చెరువులూ పోయాక పెరిగే డాలరు మనకెందుకు?"

నాగబాబు ఫోన్ తిరిగిచ్చేశాడు. థర్మామీటర్ కడిగి, చెరువు గట్టుకి నడిచాడు. ముప్ఫై నాలుగున్నర. గట్టు వారన నాలుగు రొయ్యలు గాలికోసం పైకి తేలుతున్నాయి. గణేష్ అప్పటికే నీళ్ళు చిలికే మోటార్లు వేయడానికి పరుగెత్తాడు. చొక్కా తడిసి ముద్దయ్యాక గానీ తిరిగి రాలేదు. పద్మశ్రీ తువ్వాలు ఇచ్చింది. అతను తుడుచుకోవడం మరిచిపోయి ఆమెనే చూశాడు.

"తల తుడుచుకోవయ్యా, భోంచేద్దువుగాని," అన్నాడు నాగబాబు.

ఆ ఎండకి పెరుగు మధ్యాహ్నానికే గడ్డగా తోడుకుంది. నాగబాబు రెండు గరిటెలు వేసుకున్నాడు.

"రేపే పట్టుబడి. డాలరు ఎంతుంటే అంత."

భార్య వైపు తిరిగాడు.

"ఆదివారం కంకిపాడు వెళ్దాం. గణేష్ వాళ్ళమ్మగారితో మాట్లాడాలి."

గణేష్‌కి పొలమారింది. పద్మశ్రీ మంచినీళ్ళ గ్లాసు జరిపింది.

"ఆ మెసేజులు మాత్రం మానకండి," అన్నాడు నాగబాబు, పెరుగన్నం కలుపుకుంటూ. "రేపట్నుంచి నాకూ పంపండి. రెండూ."