నీటి మీద తేలిన బల్బులు

దామోదరం ఒక్క స్ట్రోబే కొన్నాడు. రెండోది కొని ఉంటే పంకజాక్షి బతికి ఉండేది. ఇందులో వాదనకు చోటు లేదు.

గూఢచారి విభాగంలో ఏజెంట్ ధనంజయకు దామోదరం చీఫ్. పంకజాక్షి ధనంజయ భార్య. తిరుపతి స్టేషన్ ఎదుట ఫోటో స్టూడియో ఆ దంపతులకు పైకి చూపే కవర్. కొండ దిగి వచ్చే గుండ్లకు గ్రూప్ ఫోటోలు తీస్తూనే, డిపార్ట్‌మెంట్ కోసం నీళ్ళ అడుగున ఫోటోలు తీసేది ఆమె.

రెండేళ్ళ కిందట గూడూరుకు తూర్పున సముద్రంలో ఇద్దరూ దిగాల్సి వచ్చింది. బల్బులు అక్కర్లేని ఫ్లాష్ అయిన ఆ ఒక్క ఎలక్ట్రానిక్ స్ట్రోబ్‌ను ఆమె భర్త చేతిలో పెట్టింది. "నువ్వు లోతుకు పోతావు. నీకే కావాల" అంది. పాత బల్బు ఫ్లాష్ తాను తీసుకుంది. ఒక్కో ఫోటోకు ఒక్కో బల్బు కాలిపోతుంది. కాలిన బల్బును నీళ్ళలో వదిలితే పైకి తేలుతుంది. అందుకే నడుముకు సంచి కట్టుకుని అందులో వేసుకునేది. అయినా ఆ రోజు బల్బులు తేలాయి. పడవ మీది విదేశీ ముఠా వాటిని చూసింది. నీళ్ళలో ఈటె విసిరే హార్పూన్ తుపాకీతో ఒకడు దిగాడు.

బల్బులు ఎలా తేలాయో ధనంజయకు ఇప్పటికీ తెలియదు. అది తెలిసేదాకా ఉద్యోగం మానకూడదనుకున్నాడు.

ఆ అక్టోబర్ ఉదయం దామోదరం బ్రీఫింగ్ చిన్నదే.

"అదే ముఠా అప్పా. కళ్యాణి డ్యాం గేటు అడుగున మైన్ పెట్టినారు. సాయంత్రం ఆరుకు పేలతాది. ఊరు తాగేది ఆ నీళ్ళే."

"కాపలా?"

"చేపలోళ్ళ మాదిరి పుట్టిలో ఇద్దరు. పోలీసును చూస్తే రేడియో స్విచ్ నొక్కేస్తారు. తెగించినోళ్ళు. ఒక్క మనిషి దిగితే మాత్రం హార్పూన్‌తోనే సరిపెడతారు."

"నేనేం చేయాల?"

"వైర్లు ఎట్ల పోయినాయో ఫోటో తియ్యి. రాజారత్నం చూసి ఏది కోయాలో చెప్తాడు."

"ఆయన్నే దించండి. బాంబుల సంగతి ఆయనకే గదా తెలిసేది."

"ఆయనకు ఈత రాదు" అన్నాడు దామోదరం. "సామాన్లు నిర్మల తెస్తాది."

నిర్మల మద్రాసు నుంచి డిపార్ట్‌మెంట్‌కు కెమెరా సామాన్లు తెచ్చే ఏజెంట్. నల్ల కళ్ళద్దాలు, నైలాన్ చీర, తానే నడిపే కారు. ఆమె స్టూడియోలోకి వస్తే గుండ్లన్నీ ఆమె వైపు తిరిగేవి. పంకజాక్షిని అక్కా అని పిలిచేది. ఆ వరసన ధనంజయ బావ. పంకజాక్షి పోయిన రోజు అందరికంటే గట్టిగా ఏడ్చింది ఆమే.

సామాన్లు బల్ల మీద పరిచింది.

"వైడ్ యాంగిల్ లెన్స్ పెట్టుకో బావా. నీళ్ళు బురదగా ఉన్నాయి, దగ్గరికి పోయి తియ్యాలి. స్ట్రోబ్ వద్దు, బ్యాటరీ పాతబడింది. బల్బు తీసుకో. వెలుగు ఎక్కువ."

"వెలుగు ఎక్కువైతే ముందు బురద తెల్లబడతాది."

"అక్క బల్బులతోనే తీసేది కదా."

"మీ అక్కకు వేరేది ఎవురిచ్చినారు?"

నిర్మల కాలిన బల్బులు వేసుకునే గుడ్డసంచి అందించింది. ధనంజయ దాన్ని తిరగేశాడు. పక్కలు మిషన్ కుట్టు. అడుగు మాత్రం చేత్తో వేసిన టాకా, ఒంటి దారం. వేలితో లాగితే విడిపోయింది.

"ఎవురు కుట్టినారు?"

"నేనే బావా. అక్కకు కుట్టినట్టే."

ధనంజయ సంచి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే. బల్బులతోనే దిగుతా."

ఆమె నవ్వి, ఒక ఫోన్ చేసుకోవాలంటూ వెళ్ళింది. ధనంజయ దామోదరానికి సంచి సంగతీ తన ఎత్తూ రెండు మాటల్లో చెప్పి, బజారుకు పోయి చిత్తూరు బెల్లం దిమ్మ ఒకటి తెచ్చాడు. భార్య పోయాక వెలిగించని స్టవ్ వెలిగించాడు. బెల్లం కరిగించి, పాత బల్బులు అందులో గుచ్చి, గట్టిపడేదాకా అక్కడే కూర్చున్నాడు. అది పంకజాక్షి వంటిల్లు. ఆమె చెంబు ఆమె పెట్టినచోటే ఉంది.

తర్వాత స్ట్రోబ్ తీశాడు, కొత్త బ్యాటరీ వేశాడు. స్టూడియో గొడుగు స్టాండు కోసి పంకజాక్షి చేసిన పొడుగాటి కడ్డీకి దాన్ని బిగించాడు. గుండుకు ఎదురుగా ఫ్లాష్ కొడితే ఫోటోలో తెల్లమరకే మిగులుతుంది. పక్కకు జరిపి కొట్టాలి. బురదనీళ్ళు కూడా గుండు లాంటివే అనేది ఆమె.

సాయంత్రం తూర్పు గట్టున, రాళ్ళ పక్కన, బెల్లం దిమ్మను నీళ్ళలోకి జారవిడిచాడు. ఆ రాళ్ళ వెనక పోలీసులు పొంచి ఉన్నారు. తాను చెట్ల చాటున రెండో వైపుకు పోయి, సిలిండర్ తగిలించుకుని గేటు దగ్గర దిగాడు.

దిమ్మ కరుగుతూ వచ్చింది. ఒక బల్బు తేలింది. కాసేపటికి ఇంకొకటి. పుట్టి గేటు వదిలి అటు కదిలింది.

అడుగున చీకటి. ధనంజయ మైన్‌కు జానెడు దూరం దాకా వెళ్ళాడు. కడ్డీ పక్కకు చాచి షట్టర్ నొక్కాడు. పైకి వచ్చి, గట్టు కింద దాచిన వ్యాన్‌లో ఫిల్మ్ కడిగాడు. రాజారత్నం తడి నెగెటివ్‌ను దీపానికి పట్టి చూశాడు.

"శానా తేటగా వచ్చిందే. ఎవురు నేర్పించినారప్పా?"

"ఏది కోయాలో చెప్పు."

"గేటు వైపు మెలికపడి ఉండే వైరు. దాన్ని కోస్తే టైమరూ పాయె, స్విచ్చీ పాయె."

ధనంజయ మళ్ళీ దిగాడు.

అదే సమయానికి పుట్టిలో ఒకడు హార్పూన్ పట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నాడు. మనిషి జాడ లేదు. రెండోవాడు తేలిన బల్బును చేతిలోకి తీసుకున్నాడు. అది వేళ్ళకు అంటుకుంది. వాసన చూశాడు. మోసం అర్థమైంది. రేడియో పెట్టె ముందుకు లాగి స్విచ్ నొక్కాడు.

ఏమీ పేలలేదు. అడుగున ధనంజయ కటింగ్ ప్లయర్ అప్పుడే మూసుకుంది. రాళ్ళ వెనక నుంచి పోలీసులు పుట్టి మీద పడ్డారు.

ధనంజయ గట్టు ఎక్కేసరికి జీపులో నిర్మల చేతులకు బేడీలున్నాయి. కళ్ళద్దాలు లేవు.

"బావా, అక్కను చంపుతారని నాకు తెలీదు."

"సంచి సంగతి నీకు తెలుసు."

జీపు పోయింది. దామోదరం పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"చూసినావా అప్పా. తప్పు ఆ పిల్లది. రెండేళ్ళుగా నన్ను పగోడి మాదిరి చూస్తివి."

"ఆ పిల్ల సంచి కుట్టింది. బల్బులు ఇచ్చింది మీరు."

దామోదరం నీళ్ళ వైపు తిరిగాడు.

"రెండో స్ట్రోబ్ శాంక్షన్ చేస్తాలే. పంకజాక్షి పేరు మీద."

ధనంజయ కడ్డీ నుంచి స్ట్రోబ్ విప్పి ఆయన చేతిలో పెట్టాడు. కడ్డీ తన దగ్గరే ఉంచుకున్నాడు.

"రిపోర్టులో ఏమని రాసేది?" అన్నాడు దామోదరం.

"ఒక దిమ్మ బెల్లం ఖర్చయిందని రాసుకోండి. ఆమె సంగతి నేను మాట్లాడేది ఇదే కడసారి. మీతోనే కాదు, ఎవురితోనూ."